డి డ్రైవులో సలావుద్దీన్

23 సెప్టెంబర్ 2011, శుక్రవారం

ఈ ఉదయం ఐదుంబావుకు పోలీసులు కోరుట్లలో సలావుద్దీన్‌ను ఇంట్లోంచి తీసుకుపోయారు. అతను చేయని పనికి.

రెండో వాక్యం వార్తలో రాయలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కేసు ఇది. మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో, కోరుట్ల దాటాక, బొంబాయి పోయే ప్రైవేటు బస్సు మీద రాళ్లు పడ్డాయి. ఆర్టీసీ వాళ్లు తెలంగాణ సమ్మెలో ఉన్నారు. రోడ్డెక్కినవి ఆ బస్సులే. ముందు అద్దం పగిలి డ్రైవర్ కంట్లో గుచ్చుకుంది. కన్ను నిలుస్తుందో లేదో ఇంకా చెప్పలేమంటున్నారు. హత్యాయత్నం కేసు పెట్టారు. సలావుద్దీన్ మీద నిరుటి రాస్తారోకోలో బైండోవర్ ఉంది, మళ్లీ గొడవకు పోనని పూచీ రాయించుకున్నారు. ఏ గొడవ జరిగినా జీపు మొదట పోయేది బైండోవర్ ఉన్నవాళ్ల ఇంటికే.

మంగళవారం పన్నెండున్నరకు సలావుద్దీన్ ఇక్కడ, జగిత్యాల తహసీల్ చౌరస్తాలో ఉన్నాడు. జేఏసీ వాళ్లు నిరసనగా నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టారు. పెళ్లిళ్లకు బగారా వండడంలో అతనికి పేరుంది కాబట్టి పెద్ద వంట దేగిసాలతో సహా కోరుట్ల నుంచి పిలిపించుకున్నారు. పొద్దున పొయ్యి రాజేసిన మనిషి అందరి తిండ్లు అయ్యేదాకా కదలలేదు. నేను అక్కడే ఉన్నాను. ఫొటోలు తీశాను.

అతని భార్య అక్తర్ బేగం పదింటికి ఆటోలో వచ్చింది. గడప దాటలేదు. వాకిట్లోనే నిలబడింది.

"విఠలన్నా, ఆయన గా బస్సు కాడ లేడని నీకెర్కనే గదా."

"ఎర్కనే చెల్లె."

"మల్ల?"

"ఫొటోలున్నయి. పొయ్యి కాడ ఆయన నిలబడ్డ ఫొటో ఉన్నది. నా లాప్‌టాప్‌ల ఉన్నది."

"అయితె ఇగ భయం లేదా?"

లేదన్నాను. ఆమె వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది.

లాప్‌టాప్ నిన్నటి నుంచి తెరుచుకోవడం లేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. సాయంత్రానికి బాగవుతుంది.

అదే రోజు, సాయంత్రం

బాగవలేదు.

24 సెప్టెంబర్, శనివారం

ఆ ఫొటోలు ఇంకెక్కడైనా ఉన్నాయా అని పొద్దున్నుంచి ఆలోచించాను. లేవు. ఆ రోజు డెస్కుకు రెండే పంపాను. అచ్చయినది ఒకటి. అందులో జేఏసీ నాయకులు వరుసగా కూర్చుని తింటున్నారు, వడ్డించేవాళ్ల కాళ్లు కనిపిస్తున్నాయి. రెండోదీ నాయకులదే. కెమెరాలో కార్డు ఒకటే. రాత్రి లాప్‌టాప్‌లోకి ఎక్కించి, మర్నాటి పని కోసం కార్డు తుడిచేయడం నా పద్ధతి. తుడిచేశాను. మిగతా పేపర్ల వాళ్లను అడిగాను. వాళ్ల పద్ధతీ అదే. పైగా వాళ్లు తిండి సమయానికి వచ్చి నాయకుల ఫొటోలు తీసుకుని పోయారు.

లాప్‌టాప్ సంగతి వరుసగా రాసుకోవాలి, లేకపోతే తికమక పడుతున్నాను.

బుధవారం అది బాగా నెమ్మదించింది. వైరస్ అన్నారు. గురువారం ఉదయం తెరుచుకోలేదు, నల్ల తెర మీద ఏదో ఫైలు లేదని చూపించింది. నెట్ సెంటర్ నుంచి పాత విండోస్ సీడీ తెచ్చి నేనే మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాను. కొత్త విండోస్‌లో మా పేపర్ అక్షరాలు పడవు, పాతదే కావాలి. అది ఎక్కుతుండగా కరెంటు పోయింది. దీని బ్యాటరీ చచ్చి ఏడాది దాటింది, తీగ పీకితే దీపం ఆరినట్టు ఆరిపోతుంది. కరెంటు వచ్చాక మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నీలం తెర వచ్చి ఆగింది. మళ్లీ పెట్టాను. మళ్లీ నీలం తెర.

సింగరేణి వాళ్లు బొగ్గు తీయడం లేదు, కరెంటు కోత పెంచుతున్నారు. ఆ వార్త రాసింది నేనే.

ఒక విషయం గుర్తుకు వస్తోంది. మొదటిసారి ఎక్కించేటప్పుడు ఒకచోట ఏదో అడిగింది. ఉన్నదంతా పోతుంది, సరేనా అన్నట్టు. నేను ఎంటర్ నొక్కాను. సి ఒక్కటే పోతుందన్నదా, మొత్తం పోతుందన్నదా? ఫొటోలు డి లో పెట్టాను. డి లోనే పెట్టాను. ఎప్పుడూ డి లోనే పెడతాను.

సీఐకి ఫోన్ చేశాను. మనిషి చెడ్డవాడు కాదు. పదేళ్లుగా ఎక్కడ పోస్టింగ్ ఉన్నా నాకు వార్త దాచలేదు.

"అన్నా, వంటావార్పు కాడ ఉన్నోళ్లంత ఒక్కటే మాట చెప్తరు. అండ్ల సగం మంది మీద కేసులే ఉన్నయి. ఆళ్ల మాట నేనెట్ల నమ్మాలె? నువ్వు ఫొటో తీస్కరా. నాకేమన్న ఆయన మీద పగనా?"

"ఉన్నది. తెస్త."

"శుక్రవారం లోపల తే. ఆ మీది సోమవారం నుంచి కోర్టుకు దసరా సెలవులు."

వచ్చే శుక్రవారం, ముప్పై. ఆ రోజు బెయిల్ రాకపోతే సలావుద్దీన్ పండుగ దాటేదాకా సబ్‌జైల్లోనే. ఈలోపు డ్రైవర్‌కు కన్ను పోతే ఆ తర్వాత కూడా బెయిల్ కష్టం.

25 సెప్టెంబర్, ఆదివారం

సిరిసిల్ల పోయి వచ్చాను. పరశురాములుకు అక్కడ కంప్యూటర్ సెంటర్ ఉంది. టైపింగ్, పెళ్లిపత్రికలు, రిపేర్లు అన్నీ అతనే. ఇరవై ఏళ్ల స్నేహం.

లాప్‌టాప్‌ను తువ్వాలలో చుట్టి, సంచిలో పెట్టి, బండి ట్యాంకు మీద కట్టాను. కొడిమ్యాల దగ్గర రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టి పడేశారు. పదిమంది కూర్చుని పేకాట ఆడుతున్నారు. ఒకతను లేచి వచ్చాడు.

"జై తెలంగాణ అను కాకా, పోనిస్తం."

"ప్రెస్ తమ్మీ." కార్డు చూపించాను.

"ప్రెసోళ్లకు నోరుండదా?"

పక్కవాళ్లు నవ్వారు. ఇంకొకతను, "ఇడువురా, ఆళ్లు మన మాట రాస్తరు గని ఆళ్ల మాట జెప్పరు" అన్నాడు. చెట్టు కొమ్మల పక్క నుంచి బండి తోసుకుని పోయాను. నా అభిప్రాయం నాకు ఉంది. డ్యూటీలో అది బయటికి రాదు. ఈ పని డ్యూటీయేనా కాదా అని కొడిమ్యాల నుంచి వేములవాడ దాకా ఆలోచించాను. తేలలేదు.

సిరిసిల్లలో సాంచాల చప్పుడు లేదు, మరమగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. ఊరు ఊరుకాదన్నట్టుంది. పరశురాములు అరుగు మీద కూర్చుని విసనకర్ర విసురుకుంటున్నాడు.

"ఏందే విఠలన్నా, పసిపిల్లను ఎత్తుకచ్చినట్టు తెచ్చినవ్."

సంగతంతా చెప్పాను. అతను నవ్వు ఆపి విన్నాడు.

"ఫొటోలు యాడ వెట్టినవ్?"

"డి ల."

"పక్కాగానా?"

"పక్కాగానే."

"మొదలు ఎంటర్ కొట్టినప్పుడు ఏం రాసున్నది?"

"గుర్తు లేదు."

"పేపర్ల ఊరందరి మాటలు మక్కీకి మక్కీ రాస్తవ్. నీ లాప్‌టాప్ చెప్పిన మాట గుర్తు లేదా?"

డిస్కు విప్పి తన కంప్యూటర్‌కు తగిలించి చూద్దామనుకున్నాడు. మూతులు కలవలేదు. అతనివన్నీ పాత డబ్బాలు. దానికి వేరే తీగ కావాలి, అది కరీంనగర్‌లో దొరుకుతుంది, కరీంనగర్ బంద్. నా సీడీ మంచిది కాదని పక్కన పడేసి తన సీడీ పెట్టాడు. దానికీ నీలం తెర వచ్చింది. అప్పుడు ఆన్ చేయగానే ఏదో మీట నొక్కి, లోపలి సెట్టింగుల తెరలోకి పోయి ఒక మార్పు చేశాడు. డిస్కును గుర్తుపట్టే తీరు మార్చానన్నాడు. అంతే, నీలం తెర రాలేదు. డిస్కులో సి, డి రెండూ కనిపించాయి. డి పోలేదు.

"బచాయించినవ్ పో" అన్నాడు. సి లోకి విండోస్ ఎక్కించాడు. మొత్తం ఎక్కి, ఇక తెరుచుకోబోతుందనగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఎప్పుడో చేతులెత్తేసింది. రెండు గంటలు చూశాం. రాలేదు. చీకటి పడితే రోడ్డు మీద నన్ను ఆపేవాళ్లు పేకాట ఆడేవాళ్లు కాకపోవచ్చు.

"ఎక్కుడైతె ఎక్కింది. ఇంటికాడ కరెంటున్నప్పుడు ఆన్ చెయ్, అదే తెరుసుకుంటది" అన్నాడు.

ఇంటికి వచ్చాను. ఇక్కడా కరెంటు లేదు.

26 సెప్టెంబర్, సోమవారం

కరెంటు ఉదయం పదకొండుకు వచ్చింది. ఆన్ చేశాను. నీలం తెర.

సిరిసిల్లలో పోయిన నీలం తెర జగిత్యాలలో ఎందుకు వచ్చింది? అదే డిస్కు, అదే విండోస్, మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు. పరశురాములుకు ఫోన్ చేశాను. "బండి మీద కుదుపులకు డిస్కు దెబ్బతిన్నదేమో" అన్నాడు. తర్వాత, "మీ ఇంట్ల కరెంటు ఎక్కువ తక్కువ అస్తున్నదేమో" అన్నాడు. తర్వాత, "నాకు సమజైతలేదే" అన్నాడు. మూడోది ఒక్కటే నమ్మదగ్గ మాట.

వార్తలు ఫోన్‌లో డెస్కుకు చదువుతున్నాను. అవతల నర్సింగం రాసుకుంటున్నాడు. సలావుద్దీన్ అరెస్టు వార్తలో 'నిందితుడు' అని చదివాను.

27 సెప్టెంబర్, మంగళవారం

ఎంగిలిపూల బతుకమ్మ. నా భార్య భూలక్ష్మి పొద్దున్నే తంగేడు, గునుగు పూలు తెప్పించి హాలంతా పరిచింది. లాప్‌టాప్ పెట్టుకోవడానికి చోటు లేదు. వంటింటి గట్టు మీద పెట్టుకుని ఆన్ చేస్తుంటే చూసింది.

"ఏందయ్యా, పొద్దుగాల లేసినకాన్నుంచి గా డబ్బ ముంగటనేనా? దానికి బొట్టువెట్టి పూలల్ల వెట్టు, గౌరమ్మతోటి సాగనంపుదాం."

"అండ్ల ఒక మనిషి బతుకున్నదే."

"మనిషి సబ్‌జైల్ల ఉన్నడు. గీన్ల ఏమున్నది?"

తెర వైపు తిరిగాను. తెరలో తేదీ తప్పు చూపిస్తోంది, సరిచేశాను. నీలం తెర.

మధ్యాహ్నం అక్తర్ బేగం వచ్చింది. సబ్‌జైల్లో ములాఖత్ నుంచి నేరుగా వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి పూల పక్కన నేల మీద కూర్చుంది. భూలక్ష్మి చాయ్ ఇచ్చింది. లాప్‌టాప్ సంగతి ఇవాళ చెప్పక తప్పలేదు. సిరిసిల్ల, నీలం తెర, కరెంటు, అన్నీ చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"లాయర్ సాబ్‌లు గూడ కోర్టుకు అస్తలేరంట అన్నా. సమ్మె అంట. బెయిల్ కాయితం నన్నే ఇచ్చుకొమ్మన్నరు. జడ్జి సాబ్ అడిగితె నేనేం జెప్పాలె?"

"ఫొటో దొరుకుతది. దొరికినంక ఇంకేం చెప్పే పని లేదు."

"ఆయన ఒక మాట జెప్పిండు ఇయ్యాల. నువ్వు పొయ్యి కాడనే నిలవడి బగార తిన్నవట. రెండుసార్లు పెట్టించుకున్నవట."

భూలక్ష్మి నా వైపు చూసింది. జేఏసీ తిండి అయినా, పార్టీ తిండి అయినా ముట్టనని ఇంట్లో, బయట చెప్పుకునేవాణ్ని.

"ఆయన ఎక్కిరిచ్చిండట గూడ. పేపరోళ్లు ఫొటోలు తింటరా, అన్నం గూడ తింటరా అని. నువ్వు నవ్వినవట."

"అవ్."

"గప్పుడు టైం ఎంతయింది?"

ఆమే చెప్పింది. "పెద్ద మసీదుల పగటి జోహర్ అజా గంతకుముందే అయిందట. ఒంటిగంట కాలేదట. అన్నా, నువ్వు జూసినవ్. తిన్న నోటితోని జెప్తె సాలదా? గీ మిషిన్ ఎందుకు?"

నోటిమాటకు కోర్టులో విలువ ఉండదని, ఆధారం కావాలని చెప్పాను. ఆమె తల ఊపింది. ఒప్పుకుని ఊపిందో, అర్థమైందని ఊపిందో తెలియదు. వెళ్లేటప్పుడు భూలక్ష్మి చేతిలో ఖాళీ గ్లాసు పెట్టి, "మీ పూలు మంచిగున్నయి వదినా" అన్నది.

ఆమెకు చట్టం తెలియదు. నోటిమాట కంటే ఫొటో బలం. ఫొటో ఎవరి పక్షమూ కాదు. నా పని అది తెచ్చి ఇవ్వడం వరకే.

రెండోసారి నేను పెట్టించుకున్నది బగారాలో పోసుకునే దాల్చా మాత్రమే.

28 సెప్టెంబర్, బుధవారం

పొద్దున నర్సింగానికి వార్తలు చదివాక ఊరికే ఒక మాట అడిగాను. రిపోర్టరే ఒక కేసులో సాక్షి అయితే డెస్కు ఏమంటుందని. ఊరికే అడిగాను.

"ఎవలు? నువ్వేనా?"

"ఎవలైన."

"విఠలన్నా, నువ్వు వార్త రాస్తవా, వార్త అయితవా? సమ్మెల సాక్షం చెప్తె ఒక పక్కకు చేరినట్టే. పేపరు పేరు కోర్టుకెక్కుతది. మీదోళ్లకు నేనేం జవాబు చెప్పాలె? ఫొటో ఉంటె ఫొటో ఇయ్యి. మధ్యల నువ్వెందుకు?"

నేను అనుకున్నదే అతనూ అన్నాడు. నాకు ధైర్యం రావాల్సింది. రాలేదు.

సాయంత్రం ఒక విషయం గమనించాను. గమనించాను అనడం తప్పు, వారం నుంచి చూస్తూనే ఉన్నాను. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ లాప్‌టాప్ తేదీ తప్పు చూపిస్తోంది. 2002 జనవరి ఒకటి. తప్పు తేదీ కంటపడితే నేను ఊరుకోలేను. ప్రతిసారీ సెట్టింగుల తెరలోకి పోయి సరిచేస్తున్నాను. అది రోగం కాదు, చిన్న చిరాకు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

పరశురాములుకు ఫోన్ చేసి చెప్పాను.

"ఏమన్నవ్? మల్ల చెప్పు."

మళ్లీ చెప్పాను.

"ఓరి నీ రిపోర్టరు ఉద్యోగం పాడుగాను. గది ముందుగాల చెప్పాలె గదనే!"

"తేదీకి, విండోస్‌కు ఏం సంబంధం?"

"తేదీ గుర్తుండాలంటె లోపట గుండీ అంత సెల్లు ఉంటది. అది సచ్చింది. తీగ పీకంగనే దానికి యాది పోతది. తేదీ ఒక్కటే కాదు, నేను మార్చిన సెట్టింగు గూడ మర్సిపోయింది. సిరిసిల్లల మార్చిన, నువ్వు తీగ పీకి సంచిల పెట్టినవ్, జగిత్యాలల పాత సంగతికే అచ్చింది. ఇన్ని దినాలు మనం విండోస్‌ను తిడుతున్నం."

"నేనూ చెయ్యొచ్చా ఆ మార్పు?"

చేయొచ్చన్నాడు. ఏ వరసలో ఏది నొక్కాలో చెప్పాడు. నా లాప్‌టాప్‌లో ఆ సెట్టింగు పేరు వెతకబోతే కరెంటు పోయింది. తర్వాత వచ్చి మళ్లీ పోయింది. మళ్లీ వచ్చేదాకా ఆగి చేశాను, నీలం తెరే వచ్చింది. తప్పుది మార్చినట్టున్నాను.

"నువ్వు దాన్నింక ముట్టకు. రేపు పట్టుకరా" అన్నాడు.

29 సెప్టెంబర్, గురువారం

పొద్దున్నే బయల్దేరాను. కొడిమ్యాల దగ్గర చెట్టు తీసేశారు, టైర్లు కాలుతున్నాయి. ఎవరూ ఆపలేదు.

కొత్త సెల్లు కొందామంటే దుకాణాలు తెరిచి లేవు. పరశురాములు తన పాత కంప్యూటర్ ఒకటి విప్పి, దాని సెల్లు తీసి నా దానిలో పెట్టాడు. సెట్టింగు మార్చాడు. తీగ పీకి, పది నిమిషాలు ఆగి, మళ్లీ పెట్టాడు. తేదీ సరిగానే ఉంది. నేను ఇద్దరికీ చాయ్ తెస్తానని లేస్తే కూర్చోమన్నాడు.

విండోస్ తెరుచుకుంది. ఖాళీ తెర, పచ్చగడ్డి, నీలి ఆకాశం. డి తెరిచాడు. 'సెప్టెంబర్ 20 వంటావార్పు' అని నేను పెట్టిన పేరుతోనే ఫోల్డర్ ఉంది. ఫొటోలన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు.

మొదటి నుంచి చివరిదాకా చూశాను. మళ్లీ చూశాను. పరశురాములు తన కుర్చీ నాకు ఇచ్చి పక్కన నిలబడ్డాడు.

కూరగాయలు తరుగుతున్న ఆడవాళ్లు ఉన్నారు. విస్తర్లు పట్టుకుని వరుసలో నిలబడ్డ బడిపిల్లలు, నీడలో నిలబడ్డ పోలీసులు ఉన్నారు. దేగిసా ముందు గంటె పట్టుకున్న నాయకుడు, ఆయన తర్వాత అదే గంటె పట్టుకున్న ఇంకొక నాయకుడు, ఆ తర్వాత లెక్చరర్ల సంఘం అధ్యక్షుడు. నా ఫొటోల ప్రకారం ఆ రోజు బగారా వండినవాళ్లు వీళ్లే. సలావుద్దీన్ ఎక్కడా లేడు. ఒక దాంట్లో, అంచున, మోచేతిదాకా మడిచిన చొక్కా, ఒక చెయ్యి, కట్టె ఎగదోస్తూ ఉంది. అంతే.

ఎందుకు లేడో నాకు తెలుసు. ప్రతి ఫొటోకు ముందు నేనే అన్నాను, "సలావుద్దీన్ భాయ్, జర పక్కకు జరుగు, ఫ్రేముల పడుతున్నవ్." అతను ప్రతిసారీ జరిగాడు. నేను తీయడం అయ్యాక వచ్చి గంటె అందుకున్నాడు. పాతికేళ్లుగా ప్రతి సభలో, ప్రతి పెళ్లిలో, ప్రతి ధర్నాలో నేను ఇలాగే తీస్తున్నాను. వార్త ఎవరో వాళ్లు మధ్యలో ఉంటారు, పని చేస్తున్నవాళ్లను జరగమంటాను.

ఆయన ఫొటో ఉన్నదని అక్తర్ బేగంకు చెప్పాను. సీఐకి చెప్పాను. చూడకుండా చెప్పాను.

పరశురాములు ఆ చెయ్యి ఉన్న ఫొటోను పెద్దది చేసి చూశాడు. "గీ చెయ్యి ఆయనదేనా?"

"ఆయనదే."

"ఎవలకెర్క?"

"నాకెర్క."

"అంటె గిది చూపెట్టినా, ఆయనదేనని నువ్వే నిలబడి చెప్పాలె గదనే."

చెయ్యే కాదు. ముఖం నిండుగా పడిన ఫొటో ఉన్నా, దాన్ని ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు అని అడిగేవాళ్లు. అప్పుడూ నేనే చెప్పాలి. ఇది నాకు వారం కిందట తెలియదా? కోర్టు వార్తలు పాతికేళ్లుగా రాస్తున్నాను.

పరశురాములు ఫొటోలన్నీ ఒక సీడీలోకి ఎక్కించి ఇచ్చాడు. ఆ లాప్‌టాప్ ఇప్పుడు బాగా నడుస్తోంది.

అదే రోజు, సాయంత్రం

వచ్చేటప్పుడు దారిలోనే ఆగి సీఐకి ఫోన్ చేశాను.

"దొరికిందా అన్నా ఫొటో?"

"ఆయన ముఖం లేదు. నేను చెప్త."

"ఏం చెప్తవ్?"

"ఆయన పన్నెండు నుంచి ఒంటిగంట దాక నా కండ్ల ముంగట ఉన్నడని. ఆయన చేతితోని పెట్టించుకొని తిన్ననని. అఫిడవిట్ ఇస్త."

సీఐ గొంతు తగ్గించాడు.

"సోచాయించుకో అన్నా. అవుతలోళ్లు అడుగుతరు, జేఏసీ అన్నం తిన్నోడు జేఏసీ మనిషే గదా అని."

"అడగనీ. తిన్న. రెండుసార్లు తిన్న."

"మల్ల మన దోస్తానా?"

"నువ్వే చెప్పాలె."

"రేపటి నుంచి స్టేషన్ల నీకు చాయ్ ఉండదు" అన్నాడు. నవ్వుతూ అన్నాడో, నిజంగానే అన్నాడో పోల్చుకోలేకపోయాను. ఫోన్ పెట్టేశాడు.

జగిత్యాల చేరాక నర్సింగానికి చెప్పాను. అతను నిన్నటి మాటలే మళ్లీ అన్నాడు, ఈసారి మెల్లగా. పైవాళ్లకు తానే చెప్తానన్నాడు. ఆ తర్వాత, "అయితె రేపటి కోర్టు వార్త ఎవలు రాయాలె?" అని అడిగాడు. నేను రాయకూడదని, ధర్మపురి విలేకరి మల్లేశంను పంపమని చెప్పాను. బస్సుల్లేవు, ఎట్ల వస్తడన్నాడు. బండి మీద వస్తాడన్నాను.

స్టాంపు కాగితాలు అమ్మేచోట అఫిడవిట్ రాయించాను. అతను వయసు, తండ్రి పేరు అడిగి, వృత్తి దగ్గర ఆగి, "విలేకరి అని రాయాల్నా సార్?" అన్నాడు. రాయమన్నాను. రాసినదంతా ఒకసారి చదివాను. విశేషణాలు లేవు. ఒక్కచోట 'బాగా పరిచయస్తుడు' అని ఉంటే 'బాగా' కొట్టేయించాను.

అక్తర్ బేగంకు ఫోన్ చేశాను. ఫొటో లేదని మొదట చెప్పాను. తర్వాత మిగతాది చెప్పాను. అటు నుంచి చప్పుడు లేదు. లైను పోయిందనుకుని హలో అన్నాను.

"ఉన్న అన్నా" అన్నది. "ఎన్నింటికి రావాలె?"

"పదింటికల్ల గేటు కాడ ఉండు. నా అఫిడవిట్ కాయితం నువ్వే ఇయ్యాలె, లాయర్లు రారు. నేను నీ ఎనుకనే ఉంట."

"ఆయనకు జెప్పాల్నా?"

"కోర్టుకు తీసుకొస్తరు గదా. ఆయనే సూస్తడు."

రేపు శుక్రవారం ఉదయం పదిన్నరకు కోర్టు మొదలవుతుంది. సలావుద్దీన్ బెయిల్ పిటిషన్ వరుసలో నాలుగోది. సాక్షిగా నా పేరు పిలుస్తారు.